పదకొండు చింతగింజలు

సహోదరీ సమాజం గద్వాల శాఖకు యాభై ఏళ్లు నిండుతున్నాయని, దాని చరిత్ర రాసిపెట్టాలని ఉమ వచ్చి అడిగినప్పుడు కమలమ్మ వెంటనే ఒప్పుకోలేదు. డెబ్బై రెండేళ్లొచ్చాయని, చూపు ఆనడం లేదని, డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పేవాళ్లెవరికైనా అప్పజెప్పమని అంది. ఉమ నవ్వింది.

“మొదటిసంది ఉన్నది మీరొక్కరే కద కమలక్కా. మీరు రాయకపోతే ఇంకెవరు రాస్తరు?”

ఆ మాట పూర్తిగా నిజం కాదని ఇద్దరికీ తెలుసు. మొదటినుంచీ ఉన్నవాళ్లలో ఇంకొకామె కూడా బతికే ఉంది. ఆమె పేరు ఆ పూట ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

ఉమకు యాభై ఒకటో ఏడు. ఆరేళ్లుగా శాఖకు అధ్యక్షురాలు. ఆమె భర్త నరేందర్ కంపెనీల తరఫున రైతులతో పత్తి విత్తనం పండించే ఆర్గనైజరు. మల్దకల్ చుట్టుపక్కల ఊళ్లలో అతని విత్తనం వేయని చేను అరుదు. ఉమకు ముందు ఆమె అత్త యాదమ్మ చాలా ఏళ్లు అధ్యక్షురాలిగా ఉండేది. యాదమ్మ పోయాక కుర్చీ కోడలికి వచ్చింది. సమాజంలో వయసుతో, కులంతో పని లేకుండా అందరూ ఒకరినొకరు అక్కా అనే పిలుచుకోవాలన్నది మొదటి నియమం. చూడబోతే యాభై ఏళ్లలో చెక్కుచెదరకుండా మిగిలిన నియమం అదొక్కటే.

ఉమ పాత మినిట్స్ పుస్తకాలు ఏడు, ఫొటోల ఆల్బం ఒకటి బల్ల మీద పెట్టి వెళ్లింది. కమలమ్మ వాటిని రెండు రోజులు ముట్టుకోలేదు. మూడో రోజు పొద్దున అద్దాలు తుడుచుకుని మొదటి పుస్తకం తెరిచింది. అందులోని చేతిరాత ఆమెదే. ఇరవై రెండేళ్ల వయసులో గుండ్రంగా, తలకట్టు తప్పకుండా రాసిన రాత.

పందొమ్మిది వందల డెబ్బై అయిదులో హైదరాబాదు నుంచి కేంద్ర సమాజం వాళ్లు వచ్చి, చదవను రాయను వచ్చిన ఆడవాళ్లు ఏడుగురు దొరికితే గద్వాలలో శాఖ పెడతామన్నారు. ఏడుగురు దొరికారు గాని కూర్చోవడానికి చోటు దొరకలేదు. ఆడవాళ్ల మీటింగేమిటని ఏ ఇంట్లోనూ రానివ్వలేదు. అప్పుడు మగ్గాల వాడలో మొగులయ్య అనే నేతగాడు తన మగ్గాల సావిడి ఇచ్చాడు. అతని భార్య జములమ్మ ఏడో తరగతి చదివింది. ఏడుగురిలో ఆమె ఒకతె. నెలకు రెండుసార్లు, మధ్యాహ్నం పూట, మొగులయ్య నేత ఆపి, మగ్గం గుంటలోంచి లేచి, బయట అరుగు మీద కూర్చునేవాడు. మీటింగు అయిపోయి ఆడవాళ్లంతా వెళ్లాకే మళ్లీ లోపలికి వచ్చేవాడు. ఒక్కసారి కూడా లోపల ఏం మాట్లాడుకున్నారని అడగలేదని జములమ్మ చెప్పేది.

కమలమ్మ అప్పటికి కొత్తగా బడిలో టీచరుగా చేరింది. ఆమెకన్నా జములమ్మ అయిదేళ్లు పెద్ద. వనపర్తిలో, నాగర్‌కర్నూల్‌లో శాఖలు పెట్టడానికి ఇద్దరూ కలిసే బస్సుల్లో తిరిగారు. సభ్యులందరికీ ఒకే తేనె రంగు చీర, కోట బురుజుల వరసలాంటి కోటకొమ్మ అంచు ఉండాలని కేంద్రం నుంచి కబురొస్తే, మూడు ఊళ్ల చీరలూ జములమ్మ, మొగులయ్యలే నేశారు. ఇప్పటి సభ్యులు కట్టేవి సూరత్ నుంచి టోకున వస్తున్నాయి.

కొత్త సభ్యురాలు చేరేటప్పుడు దీపం ముందు నిలబడి ప్రమాణం చేయాలి. తలుపు తట్టిన అక్కకు తలుపు తీస్తాను, గడప లోపల విన్న మాట గడప దాటనివ్వను అని. ఆ ప్రమాణం చదివి చెప్పించే పని జములమ్మది. ఆమె గొంతు గట్టిది. మగ్గం చప్పుడులో మాట్లాడి మాట్లాడి అలా అయిందని అందరూ నవ్వేవాళ్లు.

చేర్చుకోవడానికి, తీసేయడానికి ఓటింగు చింతగింజలతో జరిగేది. తెర వెనక రెండు గిన్నెలుండేవి. ఒకదానిలో పొట్టు తీసిన తెల్ల గింజలు, ఇంకోదానిలో పొట్టుతో ఉన్న నల్లవి. ఎవరికి వాళ్లు వెళ్లి ఒక గింజ చెంబులో వేసి రావాలి. కొత్తవాళ్లను చేర్చుకునేటప్పుడు ఒక్క నల్ల గింజ పడినా చేర్చుకోరు. ఉన్నవాళ్లను తీసేయాలంటే మాత్రం అన్నీ నల్లవే పడాలి. ఒక్క తెల్ల గింజ ఉన్నా ఆమె సభ్యురాలుగానే ఉంటుంది.

ఇవన్నీ కమలమ్మ పది రోజుల్లో చకచకా రాసేసింది. వయోజన విద్య, కుట్టు మిషన్ల శిక్షణ, బాలింతలకు రాగిపిండి, రెండు వేల తొమ్మిది వరదల్లో అలంపూర్ వైపు ఊళ్లకు పంపిన రొట్టెలు, అన్నీ కుదిరాయి. రాత్రి భోజనానికి లేవమని భర్త దేవరాజు రెండుసార్లు పిలిచినా వినబడనంతగా రాసింది. కుదరనిది నాలుగో మినిట్స్ పుస్తకంలోని తొంభై ఆరు ఏప్రిల్ ఒక్కటే.

ఆ పేజీలో రెండే వాక్యాలున్నాయి. “వ్యవస్థాపక సభ్యురాలు శ్రీమతి జములమ్మ గారు కుటుంబ కారణాల వల్ల స్వచ్ఛందంగా తప్పుకున్నారు. సమాజం ఆమె సేవలకు కృతజ్ఞతలు తెలియజేసింది.” ఆ రాత కూడా కమలమ్మదే.

ఆ ఏప్రిల్‌లో ఒక మిట్టమధ్యాహ్నం ఉమ మగ్గాల వాడలో జములమ్మ తలుపు తట్టింది. అప్పటికి ఆమెకు ఇరవై రెండేళ్లు, పెళ్లయి పద్నాలుగు నెలలు. కాళ్లకు చెప్పులు లేవు. ఎడమ మణికట్టు వాచి, చెయ్యి పక్కకు వేలాడుతోంది. అంతకుముందు సంక్రాంతి తర్వాత అత్తే ఆమెను సమాజంలో చేర్పించింది. ప్రమాణం చదివించింది జములమ్మ. ఇరవై ఏళ్లలో ఆ ప్రమాణాన్ని నమ్మి వచ్చి తలుపు తట్టిన సభ్యురాలు ఉమ ఒక్కతే.

జములమ్మ ఆమెను రిక్షాలో దవాఖానకు తీసుకెళ్లింది. స్నానాల గదిలో జారిపడ్డానని రాయిద్దామని ఉమ బతిమాలింది. జములమ్మ వినలేదు. మొగుడు కొట్టాడు, అలాగే రాయండి అని డాక్టరుకు చెప్పింది. కట్టు కట్టించి ఇంటికి తెచ్చి, మగ్గాల సావిడిలో మంచం వేసి పడుకోబెట్టింది.

మూడో రోజు యాదమ్మ ముగ్గురు సభ్యులను వెంటబెట్టుకుని వచ్చింది. ఆ ముగ్గురిలో కమలమ్మ కూడా ఉంది. కోడలిని పంపమని యాదమ్మ మంచిగానే అడిగింది. ఆ పిల్ల పోతానంటే పంపుతానని జములమ్మ అంది. ఉమ మంచం మీంచి లేవలేదు, తల ఎత్తి చూడలేదు. వాళ్లు తిరిగొచ్చేశారు.

ఆరో రోజు యాదమ్మ ఇంటి హాల్లో మీటింగు పెట్టారు. అప్పటికి ఎనిమిదేళ్లుగా మీటింగులు అక్కడే జరుగుతున్నాయి, పంకాలు, కుర్చీలు ఉన్నాయని. యాదమ్మ లేచి, తన కొడుకు గురించి గాని కోడలి చెయ్యి గురించి గాని ఒక్క ముక్క మాట్లాడలేదు. గడప లోపలి మాట గడప దాటనివ్వనని ప్రమాణం చేసిన మనిషి ఒక ఇంటి గుట్టును దవాఖాన కాగితాల్లో ఎక్కించిందని, ప్రమాణం తప్పిన మనిషికి ప్రమాణం చేయించే హక్కు లేదని చెప్పింది. జములమ్మ ఒక్కటే అంది. “తలుపు తట్టింది, తీసిన.” అంతే చెప్పి కూర్చుంది.

ఆమె, ఉమ కాక పదకొండు మంది ఉన్నారు. ఒక్కొక్కరే తెర వెనక్కి వెళ్లి వచ్చారు.

కమలమ్మ చెయ్యి ముందు తెల్ల గింజల గిన్నె మీదికే వెళ్లింది. ఆమె పని చేసే బడికి, ఊళ్లో పెద్ద వకీలైన యాదమ్మ భర్తే కరస్పాండెంటు. హెడ్మిస్ట్రెస్ ఉద్యోగం కాగితం మూడు నెలలుగా ఆయన బల్ల మీద ఉంది. గింజ ఎవరిదో ఎవరికీ తెలియదు. అయినా యాదమ్మకు ఎలాగో తెలిసిపోతుందనిపించింది. ఒక్క తెల్ల గింజ చాలు కదా, ఇంతమందిలో ఎవరో ఒకరు వేస్తారు, అది నేనే ఎందుకు కావాలి అనుకుంది. నల్లది తీసి చెంబులో వేసింది.

చెంబును పళ్లెంలో బోర్లించారు. పదకొండూ నల్లవే.

జములమ్మ పళ్లెం వైపు చూసింది, తర్వాత కమలమ్మ వైపు చూసింది. లేచి చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయింది. తరువాతి ఏళ్లలో ఆ పదకొండు మందిలో నలుగురు వేరువేరుగా కమలమ్మతో ఒకే మాట అన్నారు. నువ్వు తెల్లది వేస్తావనుకున్నాం, అందుకే మేం వేయలేదు అని.

తొమ్మిదో రోజు కొల్లాపూర్ నుంచి ఉమ తండ్రి వచ్చాడు. జములమ్మ ఇంటి గడప దగ్గరే నిలబడి, లోపలికి రాకుండా, కూతుర్ని జీపెక్కించుకుని తీసుకెళ్లి అత్తగారింట్లో దింపి వెళ్లిపోయాడు. ఆ నెల నుంచి షావుకార్లెవరూ మొగులయ్యకు పట్టు గాని జరీ గాని ఇవ్వలేదు. వాళ్లందరి కోర్టు పనులు చూసే వకీలు యాదమ్మ భర్తే. వానాకాలం వచ్చేలోగా మొగులయ్య మగ్గాలు విప్పి అమ్మేశాడు. భార్యాభర్తలు కొడుకును తీసుకుని, దూరపు బంధువు ఉన్నాడని బిజినేపల్లి వెళ్లిపోయారు. జూన్‌లో బడి తెరిచేసరికి కమలమ్మ హెడ్మిస్ట్రెస్.

ఇదంతా ఇప్పుడు రాయాలని కమలమ్మ నిశ్చయించుకుంది. ఎనిమిది పేజీలు రాసింది. ఉమ పేరు పెట్టలేదు, ఒక సభ్యురాలి కోడలు అని రాసింది. తన గింజ నల్లదని మాత్రం దాచకుండా రాసింది. ఆ రాత్రి చాలా ఏళ్ల తర్వాత హాయిగా నిద్ర పట్టింది.

రెండు రోజుల తర్వాత ఉమ వచ్చి, సోఫాలో కూర్చుని ఆ ఎనిమిది పేజీలూ ఆపకుండా చదివింది. చదివాక కాగితాలను సరిగ్గా అంచులు కలిపి బల్ల మీద పెట్టింది.

“ఒక సభ్యురాలి కోడలు అంటే గద్వాలల ఎవరికి తెల్వదు కమలక్కా?”

“నీ పేరు రాయలేదు కదా ఉమక్కా.”

“నా చెయ్యి రాసిండ్రు కద.” ఉమ గొంతు పెంచలేదు. “మీరు పదకొండు మంది కలిసి నన్ను వాపసు పంపిండ్రు. గా ఇంట్లనే నేను ఇరవై తొమ్మిది ఏండ్లు ఉన్న. ఇప్పుడు మీ మనసు తేలికైతదని నన్ను మళ్ల బజారుల నిలబెడ్తరా?”

ఇది నీ గురించి కాదు, జములక్క గురించి అని కమలమ్మ అనబోయింది. నోట్లోనే ఆగిపోయింది. నిజానికి ఆ పేజీలు జములమ్మ గురించి కూడా కావని ఉమ కనిపెట్టేసిందని ఆమెకు అర్థమైంది.

మిగతాది ఉమ తనంతట తానే చెప్పింది. నరేందర్ కొట్టడం మానింది అతనికి షుగరు వచ్చి కాళ్లు తిమ్మిరెక్కాక. అప్పటికి పన్నెండేళ్లు గడిచాయి. అత్తను ముసలితనంలో ఎత్తి దించింది తనే. ఈ కుర్చీ అత్త ఊరికే ఇవ్వలేదు. కొడుకు సందీప్‌కు ఈ సంగతులేవీ తెలియవు, తెలియకూడదు.

“మినిట్స్‌ల మీరే రాసిండ్రు కద, స్వచ్ఛందంగా అని. గదే ఉండనియ్యండి.”

కనీసం జములమ్మను వేదిక మీదికి పిలిచి, వ్యవస్థాపక సభ్యురాలిగా శాలువా కప్పుదామని కమలమ్మ అడిగింది. ఉమ కిటికీ వైపు చూసి, ఆమె వస్తానంటే పిలవండి అంది.

మరుసటి ఆదివారం కమలమ్మ పొద్దున్నే బస్సెక్కింది. వనపర్తిలో దిగి ఇంకో బస్సు పట్టుకుని బిజినేపల్లి చేరేసరికి పదకొండు దాటింది. జములమ్మ కొడుకు శివకుమార్‌కు రోడ్డు పక్కన బోరు మోటార్లు వైండింగ్ చేసే షాపు ఉంది. ఇల్లు దాని వెనకే. కమలమ్మ పేరు చెప్పగానే అతను చేతిలోని రాగితీగ కింద పెట్టి, మొహం మీద ఏ మార్పూ లేకుండా, లోపల ఉంది పోండి అన్నాడు.

జములమ్మ నేల మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. డెబ్బై ఏడేళ్లు. బాగా సన్నబడింది గాని వీపు నిటారుగానే ఉంది. కమలమ్మను గుర్తుపట్టడానికి ఆమెకు క్షణం కూడా పట్టలేదు. కుర్చీ చూపించి, నీళ్లిచ్చింది. గద్వాలలో ఎవరున్నారు, ఎవరు పోయారు అని ఒక్కొక్కరి పేరే అడిగింది. ఏడుగురిలో తామిద్దరమే మిగిలామని కమలమ్మ చెప్పింది.

తర్వాత వచ్చిన పని చెప్పింది. యాభై ఏళ్ల సభ, వేదిక, శాలువా అంటూ మొదలుపెట్టి, చెప్పాల్సిన మాట రావడం లేదని తెలుసుకుని ఆగింది. చేతులు ఒడిలో పెట్టుకుని, జములక్కా, ఆ రోజు నా గింజ కూడా నల్లదే అంది.

“తెలుసు. పదకొండు లెక్కవెట్టిన కద.” జములమ్మ చిక్కుడుకాయ నార తీస్తూనే ఉంది. “వేరేటోళ్ల మీద నాకు ఆశ లేకుండె కమలా. యాదమ్మ ఇంట్ల కూసొని యాదమ్మ మాట కాదంటరా? నువ్వొక్కదానివి ఏస్తవనుకున్న. నీకు గట్ల ఏంది అడ్డం వచ్చిందో ఇంటికి పోయినంక మొగులయ్య చెప్పిండు. బడిల పెద్ద టీచరు నౌకరి ఉన్నదటనే అన్నడు. నేను నమ్మలే. ఆయినతోని కొట్లాడిన.”

కమలమ్మ ఏడ్చింది. జములమ్మ ఆమెను ఓదార్చలేదు, ఆపమని కూడా అనలేదు. ఏడుపు తగ్గేదాకా కాయలు ఒలిచి, గిన్నె పక్కకు జరిపింది. నన్ను క్షమించమని కమలమ్మ అడిగింది.

“మాఫీ ఇచ్చేది నేను కాదు. మొగులయ్య ఉంటే అడుగుదువు. పదహారేండ్లు గోదాం కాడ కాపలా ఉన్నడు గాయిన. ఖాళీగ కూసున్నప్పుడు చేతులు ఊరుకోకపోయేవి. ఒడిల ఆడిస్తుండె, మగ్గం మీద నాడె ఏసినట్టు.” ఒలిచిన నారలు చేత్తో పోగుచేసింది. “సచ్చిపోయే దినం గూడ ఆడించిండు.”

బయట షాపులో మోటారు ఒకటి తిరిగి ఆగింది. జములమ్మ ఉన్నట్టుండి అడిగింది.

“ఉమ చెయ్యి మంచిగైందా? సక్కగ తిరుగుతదా?”

కమలమ్మకు తెలియదు. ఇరవై తొమ్మిదేళ్లుగా నెలకు రెండుసార్లు ఉమను చూస్తోంది. ఆ చెయ్యి ఎలా ఉందో ఒక్కనాడూ గమనించలేదు. తెలియదని చెప్పింది. జములమ్మ తల పంకించి, అప్పుడు సరిగ్గా అతకలేదని డాక్టరు అన్నాడని, మళ్లీ తీసుకురమ్మన్నాడని, ఈలోపే తండ్రి వచ్చి తీసుకుపోయాడని చెప్పింది.

సభకు రానంది. తాను వచ్చి ఎదురుగా నిలబడితే ఆ పిల్లకు అన్నీ గుర్తుకొస్తాయని, ఎందుకు పరేషాన్ చేయడమని అంది. కమలమ్మ తాను రాసిన ఎనిమిది పేజీల సంగతి చెప్పింది. ఉమ వద్దన్నా సరే, జములమ్మ ఊ అంటే అచ్చు వేయిస్తానంది. జములమ్మ ఆ మాటకు మొదటిసారి చిరాకు పడింది.

“వద్దు. ఆ పిల్ల నా ఇంట్ల చెప్పుకున్న ముచ్చట అది. రాయనీకె నువ్వెవరు, ఊ అననీకె నేనెవరు? నా గురించి ఏమన్న రాసుకో, రాయకపో. ఉమ అని తెలిసేటట్టు ఒక్క ముక్క రాయొద్దు.”

తిరుగు బస్సులో కమలమ్మకు కిటికీ పక్క సీటు దొరికింది. ఒప్పుకుంటే తేలిపోతుందనుకున్న తప్పును ఒప్పుకోవడానికి కూడా దారి లేకుండా పోయింది. ఇంటికి చేరాక ఎనిమిది పేజీలు చించేసింది. ఆ స్థానంలో మినిట్స్‌లోని రెండు వాక్యాలూ ఉన్నవి ఉన్నట్టు ఎత్తి రాసి ఉమకు ఇచ్చేసింది. అచ్చు పనులు ఉమ చూసుకుంది.

సభ నవంబరు చివర్లో ఒక ఫంక్షన్ హాల్లో జరిగింది. వనపర్తి, నాగర్‌కర్నూల్ శాఖల వాళ్లు కూడా బస్సులు మాట్లాడుకుని వచ్చారు. రెండు వందల మంది దాకా తేనె రంగు చీరల్లో కూర్చున్నారు. జీవించి ఉన్న ఏకైక వ్యవస్థాపక సభ్యురాలు అంటూ మైకులో పిలిచి కమలమ్మను వేదిక ఎక్కించారు. ఉమ శాలువా కప్పింది. కప్పేటప్పుడు కమలమ్మ ఆమె ఎడమ చేతినే చూసింది. మణికట్టు తిరగడం లేదు. భుజం దగ్గర్నుంచి చెయ్యి మొత్తం తిప్పి శాలువా సర్దింది. అలవాటైపోయిన సర్దుబాటు అది, చూసేవాళ్లకు తెలియనంతగా.

చరిత్ర అచ్చయిన సంచికను ఆవిష్కరించాక కమలమ్మ చేతికి ఒక కాపీ ఇచ్చారు. పేజీలు తిప్పుతుంటే నలభై రెండో పేజీలో వ్యవస్థాపక సభ్యుల ఫొటోలు వచ్చాయి. ఆరు ఫొటోల కింద ‘కీర్తిశేషులు’ అని ఉంది. ఆరోది జములమ్మది. డెబ్బై అయిదులో, మగ్గం పక్కన నిలబడి తీయించుకున్న ఫొటో.

అప్పుడే మైకులో, గతించిన వ్యవస్థాపకులకు నివాళిగా అందరూ ఒక నిమిషం లేచి నిలబడి మౌనం పాటించాలని కోరారు. హాలంతా లేచింది. కుర్చీలు కదిలిన చప్పుడు ఆగింది. మైకు కమలమ్మకు రెండడుగుల దూరంలో ఉంది. ఆమె బతికే ఉంది అని మూడు మాటలు చెబితే చాలు. అప్పుడు ఎవరో ఒకరు, మరి ఎందుకు రాలేదని అడుగుతారు. ఎందుకు వెళ్లిపోయిందని అడుగుతారు. రాయొద్దన్న జములమ్మ మాట గుర్తొచ్చింది. అది సాకు అని కూడా తెలుసు. కమలమ్మ అందరితోపాటు తల వంచుకుని నిమిషం పూర్తయ్యేదాకా నిలబడింది.

భోజనాల దగ్గర ఉమ ఒంటరిగా దొరికినప్పుడు, ఆ ఫొటో ప్రెస్సు వాళ్ల పొరపాటా అని కమలమ్మ అడిగింది. అవునని అంటే ఆ మాటే నమ్మేసి ఇంటికి పోవాలనుకుంది.

“పొరపాటు కాదు. నేనే పెట్టించిన,” అంది ఉమ. చేతిలోని ప్లేటు బల్ల మీద పెట్టింది. “జములక్క నాకు తొమ్మిది దినాలు తల్లి లెక్క ఉండె. గామె ఉన్నదనుకుంటే మళ్ల ఉరికిపోయి తలుపు కొట్టాలనిపిస్తుండె. సచ్చిపోయింది, ఇగ ఎవరు లేరు అనుకుంటేనే గా ఇంట్ల ఉండగలిగిన. ఇరవై తొమ్మిది ఏండ్లసంది నాకు ఆమె లేదు కమలక్కా. ఇప్పుడు కొత్తగ సంపలే.”

ఎవరో పెద్దవాళ్లు వచ్చి ఉమను ఫొటోకు పిలిచారు. ఆమె కొంగు సర్దుకుని వెళ్లింది.

మూడో రోజు శివకుమార్ ఫోన్ చేశాడు. ఆ పేజీని ఎవరో ఫొటో తీసి వాట్సప్‌లో పెట్టారని, మగ్గాల వాడలోని చుట్టాలు పొద్దుటినుంచి ఫోన్లు చేస్తున్నారని, ఇద్దరు ముసలివాళ్లు పూలదండ పట్టుకుని బస్సు దిగి ఇంటిదాకా వచ్చారని చెప్పాడు. మా అమ్మ మీకేం చేసింది టీచరమ్మా అని అడిగాడు. కమలమ్మ ఏదో చెప్పబోతుండగా ఫోను చేతులు మారింది.

“అందరు నిలబడ్డరట కద, ఒక నిమిషం,” అంది జములమ్మ. “నువ్వు గూడ నిలబడ్డవా?”

“నిలబడ్డ జములక్కా.”

అవతల ఫోన్ పెట్టేశారు. ఆ తర్వాత కమలమ్మ ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు.

కమలమ్మ గోవిందు జిరాక్స్ షాపుకు వెళ్లి ఒక చీటీ టైపు చేయించింది. ‘నలభై రెండో పేజీలో కీర్తిశేషులుగా అచ్చయిన వ్యవస్థాపక సభ్యురాలు జములమ్మ గారు బిజినేపల్లిలో ఉన్నారు. చింతిస్తున్నాము.’ మొదట ‘క్షేమంగా ఉన్నారు’ అని రాయించింది. తర్వాత ‘క్షేమంగా’ అన్న ఒక్క మాట కొట్టేయించింది. ఉమకు ఒక చీటీ పంపింది. ఉమ అవునని గాని కాదని గాని కబురు చేయలేదు. తరువాతి మీటింగుకు పిలుపు మాత్రం రాలేదు.

సంచికలు అప్పటికే పంచేశారు. సభ్యుల చిరునామాల కాగితం పట్టుకుని, సంచిలో చీటీలు, బంక సీసా వేసుకుని కమలమ్మ ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టింది. ఇలాంటి పని ఈ వయసులో దేనికని దేవరాజు రెండు రోజులు గొణిగి ఊరుకున్నాడు. గద్వాలలో చాలామంది మర్యాదగా లోపలికి పిలిచి, పుస్తకం ఎక్కడ పెట్టామో వెతకాలన్నారు. ఇద్దరు, చీటీ ఇచ్చి పొండి మేమే అంటించుకుంటాం అన్నారు. ఆ రోజు గింజ వేసిన పదకొండు మందిలో ఒక ముసలామె కోడలు తలుపు సగమే తీసి, అత్తయ్యకు ఒంట్లో బాగాలేదని చెప్పింది. లోపల టీవీ ముందు ఆమె కూర్చుని ఉండటం కమలమ్మకు కనబడింది.

రెండో వారం వనపర్తి వెళ్లింది. అక్కడ సింధూజ అనే అమ్మాయి, బ్యాంకులో పని చేస్తుంది, సమాజంలో చేరి నాలుగు నెలలే అయింది, పుస్తకం వెంటనే తెచ్చి ఇచ్చింది. కమలమ్మ పేజీ తీసి, ఫొటో కింద బంక రాసి చీటీ అంటించి, బొటనవేలితో అదిమింది. సింధూజ వంగి చదివింది.

“బతికే ఉన్నరా? మరి సభకు రాలేదేంది అక్కా? ఈ పుస్తకంల స్వచ్ఛందంగా తప్పుకున్నరు అని ఉన్నది.”

“తప్పుకోలేదక్కా. మేం తీసేసినం.”

“ఎందుకు?”

“గది నేను చెప్పగూడదు. ఆమె తప్పు చేసిందని మాత్రం కాదు.”

బంక ఆరేదాకా పుస్తకం తెరిచే ఉంచమని కమలమ్మ చెప్పింది. సింధూజ పుస్తకాన్ని అలాగే తెరిచి టీవీ బల్ల మీద పెట్టింది. టీ తాగి వెళ్లమని అడిగింది. వనపర్తిలో ఇంకా పద్నాలుగు ఇళ్లున్నాయని, నాగర్‌కర్నూల్ మొత్తం మిగిలే ఉందని చెప్పి కమలమ్మ సంచి భుజానికి తగిలించుకుని మెట్లు దిగింది.